మస్తానయ్య మోకాలిచిప్పలు

ఏ దేశపు యంత్రం ఆ దేశానికే తిరిగి పోవాలని చట్టం వచ్చిన ఏడు, బిట్రగుంట ఆవిరి ఇంజన్ల సంఘానికి తనిఖీ కోసం ఒక మరమనిషి వచ్చింది. సంఘానికి ఉన్నది ఒకే ఇంజను. అదీ ఎప్పుడో స్కాట్లండు నుంచి దిగింది. నలభై ఏళ్లుగా దానికి నూనె పెట్టి సాకుతున్న ఫిట్టరు మస్తానయ్యకు పొద్దుటినుంచీ వాదించి గొంతు పోయింది.

"బాయిలరు మార్చినాం, చక్రాలు మార్చినాం. ఆ దేశానిది పేరు పలకొక్కటే మిగిలుండాది. ఊడబీకి ఇస్తా, తీసకపో."

"పలక మీద ఏ దేశం పేరుంటే ఇంజను ఆ దేశానిదే," అంది మరమనిషి ఇరవయ్యోసారి.

మస్తానయ్యకు తిక్క రేగింది. "అట్టయితే ఆపరేషన్ చేసి నాకు పెట్టిన మోకాలిచిప్పల మీద జర్మనీ అని చెక్కుండాది. నన్ను గూడా పంపిస్తావా ఏంది?"

మరమనిషికి ఎగతాళి తెలియదు. బుద్ధిగా వంగి, ఆయన పంచె పక్కకు తీసి, రెండు మోకాళ్లకూ రెండు చీటీలు అంటించింది.

మస్తానయ్య కళ్లజోడు సర్దుకుని చదివాడు. కృష్ణపట్నం రేవు, వచ్చే మంగళవారం. పొద్దున ఇంజనుకు అంటించిన చీటీ మీదున్న ఓడే.

"సర్లే," అన్నాడు నూనె డబ్బా చంకన పెట్టుకుంటూ. "సముద్రం గాలికి తుప్పు పట్టకుండా చూసేదానికి ఒకడుండాలి గదా."