మిద్దె మీద పదిహేను నిమిషాలు

విశాఖలో ఇప్పుడు ఎండ ఎనభయ్యో అంతస్తు మిద్దె మీదే దొరుకుతుంది. గర్భిణులకు వారానికి పదిహేను నిమిషాల వంతు. నెలలు నిండిన హైమకు ఇదే ఆఖరిది. ఒంటికి తగిలిన ఎండను కొలిచే చేతిపట్టీ ఇంకా ఎర్రగానే ఉంది. అది ఆకుపచ్చగా మారకపోతే పుట్టే బిడ్డకు ఎముకల బలం ఉండదు.

అత్త సూరమ్మ ఎప్పటిలాగే కోడలికి నిండా శాలువా కప్పింది. "దిష్టి తగులుద్దే!"

హైమకు అప్పుడు వెలిగింది. "ఓలమ్మో! ఇందుకా పట్టీ ఎరుపు దిగనిది? అత్తా, ఇక్కడ అందరూ కడుపుతో ఉన్నోళ్లే. ఎవరి దిష్టి ఎవరికి?"

సూరమ్మ నాలుక్కరుచుకుని శాలువా లాగేసింది. మిగిలినవి ఐదే నిమిషాలు. పట్టీ పసుపెక్కింది. అంతలో ఎవరిదో నీడ హైమ పొట్ట మీద పడింది.

"ఏటమ్మా, జరుగు! నా మనవరాలి ఎండకు అడ్డం నిల్చున్నావ్!" అని సూరమ్మ గర్జించింది.

మిద్దంతా నవ్వింది. గంట మోగేలోపే పట్టీ పచ్చబడింది.