అరువు ఛాతీ

ఖాదర్ హుస్సేన్ నోరు మూసుకుని ఉంటే తన బతుకు ఇట్లా అయ్యేది కాదని, దుబాయ్ నుంచి వచ్చింది మొదలు భోజన్న కనబడ్డవాడికల్లా చెప్పుకు తిరిగాడు.

2005లో అల్ కుసైస్ లేబర్ క్యాంపులో గదుల మీద పెత్తనం ఖాదర్ హుస్సేన్‌దే. వీసా రెన్యువల్‌కు వారం ముందు, అన్నం ముందు కూర్చుని దగ్గుతున్న భోజన్నను చూసి, మెడికల్‌లో తీసే ఎక్స్‌రేలో టీబీ మచ్చ గోరంత కనబడినా ఖలాస్, విమానం ఎక్కిస్తారని అన్నాడు. భోజన్న పళ్లెం పక్కకు నెట్టాడు. ఇరవయ్యేళ్లుగా తాగిన బీడీలన్నీ గుర్తొచ్చాయి. వీసా కోసం షావుకారుకు తాకట్టు పెట్టిన చెలక భూమి విడిపించాలంటే ఇంకో రెండేళ్లు ఇక్కడ ఉండి తీరాలి.

పక్క మంచం మంగరాజుది కోనసీమ. ఆంబోతులా ఉంటాడు, బీడీ ముట్టడు. ఉపాయం అతనే చెప్పాడు. మెడికల్‌కు తీసుకుపోయే బస్సులో నలభై మంది, అందరికీ ఒకే నీలం బట్టలు. ఎక్స్‌రే గదిలో పిలిచేది నంబరును, చూసేది ఛాతీని. ముఖంతో ఎవడికి పని? రక్తం భోజన్న ఇస్తాడు, ఎక్స్‌రేకు మంగరాజు నిలబడతాడు.

"ఎంత ఇయ్యాలె తమ్మీ?"

"మీ దగ్గర డబ్బులు పుచ్చుకుంటానా అన్నయ్యా? రిజల్టు రాగానే ముందు నా చెవిన వెయ్యండి, అది చాలు."

సొంత తమ్ముడికైనా ఇంత ప్రేమ లేదని భోజన్న కళ్లు తుడుచుకున్నాడు.

పని అనుకున్నట్టే జరిగింది. ఐదో రోజు కంపెనీ మేనేజరు, ముదీర్, పిలిపించాడు. ఛాతీలో మచ్చ ఉందట. ఎప్పుడో మానిపోయిందే కావచ్చు, అయినా అన్‌ఫిట్. ఆ ఛాతీ నాది కాదంటే జైలు, నాదేనంటే ఇల్లు. భోజన్న ఇంటికే తలూపాడు. మాట ప్రకారం ముందు మంగరాజుకే చెప్పాడు. మంగరాజు మంచం మీద కూలబడ్డాడు. ఊరికి పోయేవాడే ఉండేవాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది.

జగిత్యాలలో ఎక్స్‌రే తీయిస్తే భోజన్న ఛాతీ కడిగిన పళ్లెంలా ఉంది. సిమెంటు దుమ్ముకు వచ్చిన దగ్గేనని డాక్టరు నవ్వాడు.

చెలక షావుకారు పేరు మీదికి మారిన రోజు, భోజన్న కడుపుమంట పట్టలేక ఖాదర్ హుస్సేన్‌కు ఫోన్ కలిపాడు. నువ్వు బెదిరించకపోతే నా ఛాతీ నేనే చూపించుకునేవాణ్ణి గదా అని, కార్డులో డబ్బులు అయిపోవచ్చేదాకా తిట్టాడు.

ఖాదర్ హుస్సేన్ అంతా తాపీగా విన్నాడు.

"నన్నెందుకు తిడతా ఉండావు భోజన్నా? నిన్ను భయపెట్టమనింది మంగరాజే. వాడు చిన్నప్పుడు టీబీ మందులు మింగినాడంట, వచ్చేటప్పుడు మెడికల్‌ను ఏజెంటు ఎట్లనో దాటించినాడంట. మచ్చ ఉందో పోయిందో ముందు నీ పేరు మీద చూసుకున్యాడు. ఉందని నువ్వే చెప్తివి. పోయిన నెల వాడి వంతొస్తే తన బదులు ఎక్స్‌రేకు నన్ను పంపినాడు. ఫిట్."

భోజన్నకు పోయింది ఎకరా పదమూడు గుంటలు.