ఫోన్‌లో జేజి

సెలవులు మొదలై వారం దాటినా శిల్ప తలుపు చాటు వదల్లేదు.

ఫోన్‌లో అలా కాదు. ఫోన్‌లో "జేజీ, జేజీ" అని గలగలా మాట్లాడుతుంది. ఊడిన పన్ను చూపిస్తుంది. పాట పాడమంటే పాడుతుంది. తీరా ఎదురుపడితే నోరు పెగలదు. ఫోన్‌లో కనిపించే జేజి వేరు, ఇంట్లో ఇంత పొడుగున తిరుగుతున్న ఈ మనిషి వేరు.

"అమ్మా, ఆమె నన్ను పిలుస్తాంది" అని తల్లితో చెప్పింది.

ఆ మాట నిర్మలమ్మ చెవిన పడింది. సొంత కొడుకు కూతురికి తాను 'ఆమె'. నవ్వేసి ఊరుకుంది గానీ ఆ పూట అన్నం సయించలేదు.

తప్పు పిల్లది కాదు. కలిసేదే రెండేళ్లకోసారి. పోయినసారి శిల్పకు ఆరేళ్లు. అప్పుడూ ఇంతే. మొదట తలుపు చాటు. తర్వాత దూరందూరంగా కూర్చోవడం. చివరి వారానికి, జేజి పక్కలో తప్ప పడుకోనని మారాం. అంతలో సెలవులు అయిపోతాయి. మళ్లీ కలిసేసరికి పిల్ల అన్నీ మరిచిపోయి ఉంటుంది. మనవరాలి దగ్గర నిర్మలమ్మ ఎప్పుడూ ఒకటో తరగతే. పాసయ్యేదీ లేదు, పై తరగతికి పోయేదీ లేదు.

ఈసారి ఆమె కోరిక ఒక్కటే. సెలవులు అయ్యేలోపు పిల్ల ఎదురుగా నిలబడి జేజీ అని పిలవాలి.

చాక్లెట్లతో మొదలుపెట్టింది. శిల్ప డబ్బా తీసుకుని తలుపు చాటుకే పోయి తినింది. పాయసం చేద్దామని వంటింట్లోకి పోతే చక్కెర కనిపించలేదు. కోడలు సుధారాణి డబ్బాలన్నీ చోట్లు మార్చేసింది. వెతికి వెతికి, చేసి పెడితే, నాకొద్దని పిల్ల పెదవి విరిచింది. నిర్మలమ్మకు ఏడుపొచ్చింది. పిల్ల వద్దన్నందుకు కాదు, రోజులు ఉత్తపుణ్యానికి గడిచిపోతున్నందుకు.

ఇలా కాదని గండికోట ప్రయాణం కట్టింది. కొడుకు నరేష్ తనకు పని ఉందన్నాడు. అత్తాకోడళ్లిద్దరూ పిల్లను తీసుకుని బయల్దేరారు.

జమ్మలమడుగు బస్సు కిక్కిరిసి ఉంది. సుధారాణికి ముందు సీటు దొరికింది. శిల్పకు జేజి పక్కన కూర్చోక తప్పలేదు. కిటికీకి అతుక్కుపోయి, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలింది. కాసేపటికి పిల్ల ముఖం పాలిపోయింది. నిర్మలమ్మ కంగారు పడలేదు. కొంగు దోసిలిగా పట్టింది. వాంతి అంతా అందులోనే పడింది. ఎంతమంది పిల్లల్ని కడిగి తుడిచిన చేతులో అవి. నోరు కడిగి, వీపు నిమిరి, ఒళ్లోకి తీసుకుంది. శిల్ప కాదనలేదు. జమ్మలమడుగు వచ్చేదాకా అక్కడే నిద్రపోయింది.

గండికోటలో లోయ అంచుకు పోయి కింద పెన్నను చూస్తోంది నిర్మలమ్మ. వెనకనుంచి ఎవరో చీర పట్టి లాగారు.

"ఆ కొసకు పోవాకు జేజీ. పడిపోతావు."

నిర్మలమ్మ వెంటనే వెనక్కి తిరగలేదు. కన్నీళ్లు చూసి పిల్ల బెదిరితే, మళ్లీ తాను 'ఆమె' అయిపోతానని భయం.

ఆ తర్వాత ఇద్దరినీ విడదీయడం ఎవరి తరమూ కాలేదు. పులివెందులలో ఉన్న చెల్లెలి ఇంటికి పోతూ వేంపల్లెలో షేర్ ఆటో ఎక్కితే, ఎవరూ చెప్పకుండానే శిల్ప వచ్చి ఒళ్లో కూర్చుంది. జేజి వేస్తేనే జడ. జేజి కలిపి పెడితేనే ముద్ద. ఇంక నేనెందుకులే అని సుధారాణి మూతి ముడిచింది కూడా. నిర్మలమ్మ సంతోషపడాలి. పడలేకపోయింది. పిల్ల దగ్గరయ్యేకొద్దీ సెలవులు తరిగిపోతున్నాయి.

ఇంకో వారం ఆగకూడదా అని చెల్లెలు అడిగింది.

"సెలవులు మన చేతిలో యాడుంటాయి?" అంది నిర్మలమ్మ.

బ్యాగు నిర్మలమ్మే సర్దింది. కారప్పొడి, చెనక్కాయల పొడి, ఊరగాయ. అక్కడ ఇవి ఇలా దొరకవు. మధ్యలో శిల్ప తన గుడ్డబొమ్మ ఒకటి తెచ్చి ఆ పొట్లాల మధ్య కుక్కింది. నిర్మలమ్మ దాన్ని తీయలేదు.

మళ్లీ కలిసేసరికి పిల్లకు పదేళ్లు. తలుపు చాటుకు పోయే వయసు కూడా దాటిపోతుంది. మర్యాదగా ఒక నవ్వు నవ్వి తన పని తాను చూసుకుంటుంది. అప్పుడు గండికోట కూడా పనిచేయదు. నిర్మలమ్మకు ఇదంతా తెలుసు. తెలిసి చేయగలిగింది ఏమీ లేదు.

ప్రొద్దుటూరు బస్టాండులో బస్సు సిద్ధంగా ఉంది. నరేష్ బ్యాగు డిక్కీలో పెట్టించి వచ్చాడు. శిల్ప రెండు చేతులతో జేజి కొంగు పట్టుకుని వదల్లేదు. సుధారాణి బుజ్జగించింది, కసిరింది. చివరికి నరేష్ ఒక్కొక్క వేలూ విడిపించాడు.

"ఇంక తలుపు చాటుకు పోను జేజీ" అంది శిల్ప ఎక్కిళ్ల మధ్య. "ఒట్టు."

నిర్మలమ్మ ఆ ఒట్టు వేసిన చేతిని ముద్దు పెట్టుకుంది. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుందామంది.

తర్వాత ఆ ముగ్గురినీ బస్టాండులోనే వదిలి, కువైట్‌లో ఇంకెవరి పిల్లలకో జడలు వేసి అన్నం తినిపించే పనికి నిర్మలమ్మ ఒక్కతే బస్సెక్కింది.