సుద్దముక్క సున్నాలు

"మోటారు ఒక్క నిమిషం ఆపమ్మా."

లాండ్రీ ఆమె ఉలిక్కిపడింది.

తొట్టి పక్కన తడి గోనెపట్టా కింద దాచిన మోటారు అది. వీధి గొట్టం నుంచి నేరుగా నీళ్లు లాగుతుంది. నీళ్ల ఆఫీసువాళ్లకు తెలిస్తే కనెక్షన్ కోసేస్తారు.

"ఏ మోటారు?" అంది, గోనెపట్టా మీద ఇంకో గోనెపట్టా కప్పుతూ.

గుమ్మంలో ఉన్నవాడు నవ్వలేదు. అరవై దాటిన మనిషి. చేతిలో ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ, చొక్కా జేబులో సుద్దముక్క.

"అదేనమ్మా, వినబడుతోంది. కాసేపు ఆపు, చాలు."

ఆపింది. ఆపకపోతే ఇంకా అనుమానపడతాడు.

అతను రోడ్డు మీదికి వెళ్లి, కడ్డీ ఒక కొస నేలకు ఆనించి, రెండో కొసకు ఎడమ చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. తర్వాత వంగి, సరిగ్గా లాండ్రీ ముందు సుద్దముక్కతో సున్నా చుట్టాడు.

నాలుగడుగులు వేశాడు. మళ్లీ కడ్డీ, మళ్లీ చెవి.

ఆమె గుమ్మంలోకి వచ్చి చూసింది.

నిన్ననే వీధి చివర నోటీసు అంటించారు. గొట్టాలు పాతబడ్డాయట, మార్చాలట, వచ్చే నెల నుంచి నీటి రేటు రెండింతలట. ఇల్లయితే ఏదోలా సర్దుకుంటుంది. లాండ్రీ ఎలా సర్దుకుంటుంది? నీళ్లు తగ్గిస్తే మురికి పోదు. ధర పెంచితే గిరాకీ పోతుంది. తలుపులు మూసుకోవడమే.

"అక్కా, చూశావా?" ఎదురు కొట్టు దర్జీ, మెడలో టేపుతోనే వచ్చేశాడు.

"చూశాను. ఎవడంటావు?"

"ఇంకెవడు, ఆఫీసు పంపిన మనిషే. ఎవరు ఎక్కువ నీళ్లు వాడుతున్నారో వాళ్ల గుమ్మం ముందు గుర్తు పెడుతున్నాడు."

"మరి మీ కొట్టు ముందు కూడా పెట్టాడుగా? నీకు నీళ్లెందుకు, గుడ్డలు నానబెట్టి కుడతావా?"

దర్జీ వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మొహం మాడిపోయింది.

"అయితే దొంగలముఠావాడే! మొత్తం వీధికే సున్నా చుడుతున్నాడు. బావా! ఓ బావా! ఒకసారి ఇటు రా."

లోపల ఇస్త్రీ చేస్తున్న ఆమె భర్త, పెట్టె పక్కన పెట్టి బయటికొచ్చాడు.

"ఏయ్, ఎవరు నువ్వు? ఎవరు పంపారు?"

ఆ మనిషి కడ్డీకి చెవి ఆనించే ఉన్నాడు. కళ్లు తెరవకుండా, మాట్లాడొద్దన్నట్టు అరచెయ్యి ఎత్తాడు.

"నా వీధిలో నిలబడి నన్నే నోరు మూసుకోమంటావా?"

రెక్క పట్టుకుని తనవైపు తిప్పుకుని ఒక్కటి ఇచ్చాడు. ఎడమ గూబ గుయ్యిమంది. కడ్డీ ఖంగున రోడ్డు మీద పడింది.

ఆ మనిషి అరచేత్తో చెవి మూసుకున్నాడు. తిరగబడలేదు, తిట్టలేదు.

"కొట్టేదేదో కుడివైపు కొట్టాల్సింది నాయనా," అన్నాడు మెల్లగా.

"అడుగుతున్నాడుగా బావా, అటూ ఒకటి ఇచ్చెయ్!" అన్నాడు దర్జీ.

వీధి వీధంతా నవ్వింది.

అతను కడ్డీ తీసుకుని, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె మోటారు వేసింది. చీపురు పట్టుకుని, పది సున్నాలూ పోయేదాకా రోడ్డు కడిగింది.

వారం తర్వాత గునపాలు, పారలతో నలుగురు కూలీలు, వాళ్ల వెనకే నీళ్ల ఆఫీసు ఇంజనీరు వచ్చారు.

"సుద్ద గుర్తులేవమ్మా? పది ఉండాలే?"

ఆమె గోనెపట్టాలకు అడ్డంగా నిలబడింది. "ఏం గుర్తులు సార్?"

"ఒక పెద్దాయన కడ్డీ పట్టుకుని రాలేదా? నలభై ఏళ్లు మా దగ్గరే చేశాడు. రిటైరయ్యాడు. గొట్టం ఎక్కడ కారుతోందో పైనుంచి వినే చెప్పేస్తాడు."

దర్జీ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"రేటు పెంచుతున్నామని తెలిసి ఆఫీసుకొచ్చి మాతో పెద్ద పోట్లాట. కారే చోట్లు మూస్తే ఈ గొట్టాలే ఇంకో పదేళ్లు వస్తాయి, జనం మీద ఎందుకు వేస్తారని. సరే, ముందు ఒక వీధిలో రుజువు చూపించు, రేటు ఆపిస్తామన్నాం. రేటు మీద రేపే మీటింగు."

"మాకు... మాకు చెప్పలేదు సార్."

"ఆయన మాట్లాడేది తక్కువ."

ఇంజనీరు జేబులోంచి కాగితం తీశాడు. "ఇదిగో, ఆ రోజే రాసిచ్చి వెళ్లాడు. 'గుర్తులు పది పెట్టాను. వీధిలో దొంగ మోటారు ఏదీ వినబడలేదు.'"

 ఆమె అడ్డంగా నిలబడ్డదల్లా పక్కకు జరిగింది. ఎవరూ ఆ గోనెపట్టాల వైపు చూడలేదు.

"మా లాండ్రీ ముందు ఒకటుండేది సార్. ఇక్కడే... ఇక్కడో, అక్కడో."

"జానెడు తేడా వచ్చినా వీధంతా తవ్వాలమ్మా. అలా తవ్వేకన్నా కొత్త గొట్టాలే వేస్తామంటారు. అంటే రేటు పెరిగినట్టే."

ఆమె భర్త ముందుకొచ్చాడు. "ఆయన్నే మళ్లీ పిలిపించండి సార్. కావాలంటే కాళ్లు పట్టుకుంటాను."

ఇంజనీరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న ఇంటికెళ్లి నాలుగుసార్లు పిలిచాను, పలకలేదు, ఎక్కడో పడ్డాడట, చెవిలో దూది పెట్టుకుని కూర్చున్నాడు... పుట్టుకతోనే కుడి చెవి పనిచెయ్యని మనిషి, ఈ ఊళ్లో నేల కింద నీళ్లు వినగలిగింది ఆ ఎడమ చెవి ఒక్కటే."