పూడ్చేయాల్సిన చేపలు

చేపలు ఎంతకీ చావడం లేదు.

పొద్దున్న వల లాగి గట్టు మీద పోసిన క్యాట్‌ఫిష్ గుట్ట, ఎండ నడినెత్తికి వస్తున్నా ఇంకా కదులుతూనే ఉంది. నల్లటి ఒళ్లు, పొడుగు మీసాలు. ఒకదాని మీంచి ఒకటి పాకి, బురదలో పడి, నీళ్లకేసి దేకుతున్నాయి.

దేకిన వాటిని బుల్లబ్బాయి కాలితో వెనక్కి తోస్తున్నాడు.

చెరువు యజమాని శ్రీరామరాజుగారు గొడుగు కింద నిలబడి చూస్తున్నారు. ఆయన కాపురం భీమవరంలో. చెరువు బాగోగులన్నీ బుల్లబ్బాయివే. చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజున తప్ప రాజుగారు ఇటు రారు.

ఈసారి పట్టుబడి అమ్మకానికి కాదు. పైదేశం నుంచి వచ్చిన ఈ చేప కాలవల్లో పడి నాటు చేపల్ని బతకనివ్వడం లేదనీ, ఇకమీదట ఎవరూ పెంచకూడదనీ ప్రభుత్వం నుంచి ఆర్డరొచ్చింది. ఉన్నవాటిని పట్టించి పూడ్చేయమన్నారు.

గొయ్యి తవ్వాల్సిన పొక్లెయిన్ ఇంకా రాలేదు. ఊళ్లో జనం మాత్రం వచ్చేశారు. తలో మాటా అంటూ గట్టు పొడుగునా నిలబడ్డారు.

"దరిద్రగొట్టు చేప! చావడానికి కూడా మొండికేస్తోంది," అన్నారు రాజుగారు.

అప్పుడే రోడ్డు మీద వెళ్తున్న ఒక మనిషి సైకిల్ ఆపాడు. యాభై దాటి ఉంటాయి. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, హ్యాండిల్‌కి వేలాడుతున్న గోనెసంచి. గట్టెక్కి వచ్చి గుట్ట ముందు ఆగాడు.

అతన్ని చూడగానే బుల్లబ్బాయి మొహం తిప్పుకుని, నీళ్లు తోడే ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు.

"వీటినేం చేస్తారండీ?" అని అడిగాడు ఆ మనిషి.

"పూడ్చేస్తాం."

"ఇలా ప్రాణాలతోనేనా అండీ?"

"కాకపోతే డాక్టరుకి చూపించి పూడుస్తామా?"

జనం నవ్వారు. అతను నవ్వలేదు.

"చంపాల్సిందేనండి, కాదనను. కాలవలో పడిందంటే ఇది ఇంకో చేపని మిగల్చదు. కానీ దానంతటది రాలేదు కదండీ. మనం తెచ్చుకుంటే వచ్చింది, ఆకలేస్తే తింది. ఒక్క దెబ్బకి పోనివ్వండి. ఈ యాతన దేనికండీ?"

"అంత జాలైతే నువ్వే కొట్టవయ్యా."

రాజుగారు ఎగతాళికే అన్నారు. అతను నిజమనే అనుకున్నాడు.

గట్టు పక్కన పడున్న కర్రల్లోంచి బరువైన దుడ్డుకర్ర ఏరుకొచ్చాడు. గుట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. చేప తల అరచేత్తో నొక్కిపట్టి ఒకే ఒక్క దెబ్బ. చేప బిగుసుకుని ఊరుకునేది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. ముళ్లు గుచ్చుకుని వేళ్ల సందుల్లో నెత్తురు చిమ్మితే లుంగీకి తుడుచుకుని మళ్లీ మొదలెట్టేవాడు.

రాజుగారికి మొదట వింతగా ఉంది. తర్వాత విసుగేసింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది.

ఊరూ పేరూ తెలియనివాడు, కూలి అడగనివాడు, ఊరికే ఇంత చాకిరీ ఎందుకు చేస్తాడు? చచ్చిన చేపల్ని చాటుగా సంతకి తోలే రకం కాదు కదా!

అనుకుంటూ ఉండగానే అతను గుట్ట అడుగు నుంచి ఒక చేపని పైకి తీశాడు. దాన్ని కొట్టలేదు. గోనెసంచిని నీళ్లలో ముంచి, చేపని అందులో పదిలంగా పెట్టి, సైకిల్ కేసి నడిచాడు.

"ఆగు! ఏంటది?"

"కొరమీనండి, మన చేపే. వీటి మధ్య ఎలా బతికిందో మరి. కాలవలో వదిలేసి వస్తానండి."

"వదులుతావో, పులుసు పెట్టుకుంటావో నాకేం తెలుసు? ఇందాకట్నించీ నువ్వు చూపించిన దయంతా దీనికోసమా? తియ్యి బయటికి!"

జనం మళ్లీ నవ్వారు.

అతని మొహం చిన్నబోయింది. వెనక్కి వచ్చి, రాజుగారి కాళ్ల దగ్గరున్న బకెట్‌లోకి కొరమీనుని జార్చాడు.

"అయితే మీరే వదలండి రాజుగారూ. ఎండలో ఉంచకండి, తట్టుకోలేదు."

దుడ్డుకర్రని గట్టు మీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

చూడ్డానికి ఇంకేమీ లేకపోవడంతో జనం పల్చబడ్డారు. బకెట్‌లో కొరమీను గుండ్రంగా తిరుగుతోంది. రాజుగారు కాసేపు దానికేసి చూశారు. గొడుగు మూసి చంకలో పెట్టుకుని, బకెట్ తానే మోసుకెళ్లి కాలవలో వంచారు. నీళ్లు ఒకసారి కదిలి సర్దుకున్నాయి.

తిరిగి వచ్చేసరికి సగం గుట్ట నిశ్చలంగా ఉంది. మిగతా సగం ఇంకా దేకుతోంది.

ఇందాక మొండికేస్తున్నట్టు కనిపించిన ఆ చేపలు ఇప్పుడు ఆయనకి అలా కనిపించలేదు. రాజుగారు పంచె ఎగ్గట్టి కూర్చుని, దుడ్డుకర్ర అందుకున్నారు. మొదటి దెబ్బ గురి తప్పింది. రెండోది తగిలింది.

బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "మీరెందుకండీ బాబూ! ఇలా ఇవ్వండి."

రాజుగారు కర్ర ఇవ్వలేదు.

"ఎవరయ్యా అతను? నీకు తెలిసినవాడిలా ఉన్నాడే?"

బుల్లబ్బాయి వంగి, దేకుతున్న చేపనొకదాన్ని గుట్టలోకి తోశాడు.

"నిన్నే అడిగేది. పిలుచుకు రా. అనకూడని మాట అన్నాను."

"ఇప్పుడు పిలిచినా రాడండి. అప్పుడొకసారి మీతో మాట్లాడాలని వస్తే, గట్టు ఎక్కనివ్వకుండా నేనే పంపించేశానండి."

"ఎప్పుడు? దేనికి?"

బుల్లబ్బాయి తల వంచుకుని, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"బుల్లియ్యగారండి ఆయన... కిందటేడు తుపానుకి మన గట్టు తెగినప్పుడు, ఈ చేపలు వెళ్లిపడి, ఉన్న చేపలన్నీ తిని ఊడ్చేసింది ఆయన చెరువునేనండి."