వచ్చే వారం తప్పులు

కోడలి తప్పులు అత్తగారు ఎంచడం లోకరివాజు. ఆ ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌కు ఆ పాటి అదృష్టం కూడా లేదు. మూడో తరగతి చివరి బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, బోర్డు దగ్గరున్న అత్తగారి తప్పులు తనే ఎంచవలసి వచ్చింది. అదీ పుస్తకంలో రాసుకుంటూ.

అరగంటలో మూడు తేలాయి. ఏడెనిమిదులు యాభై నాలుగు. అరవై రెండులోంచి ముప్పై ఎనిమిది పోతే ముప్పై నాలుగు. తోట చుట్టూ కంచె లెక్కలో మూడు వైపులే కూడారు, నాలుగోది మేకలకు వదిలేశారు.

తప్పు పడటమే ఆలస్యం, "దొరికింది!" అని క్లాసంతా లేచేది. "ఎక్కడర్రా?" అని అత్తగారు వెనక్కి తిరిగేవారు. పట్టుకున్న పిల్ల పరుగున వెళ్ళి సుద్దముక్క లాక్కుని సరిచేసేది.

హెడ్‌మిస్ట్రెస్ అత్తగారిని కిటికీ దగ్గరికి పిలిచింది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. సోమవారం నుంచి మీరు లైబ్రరీ చూసుకోండి. ఈ క్లాసు ఇంకొకరికిస్తాను."

"బడిలో టీచర్‌గారూ అని పిలుస్తానన్నావ్?"

"టీచర్‌గారూ, లైబ్రరీ."

"పుస్తకాలు అల్లరి చెయ్యవమ్మాయ్. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది నాకు. పిల్లలు లేకుండా ఆ గదిలో ఏం తోస్తుంది?"

ముందు బెంచీలోని పొడుగుజడకు చెవులు కూడా పొడుగే.

"మేడమ్, మా టీచర్‌గారు కావాలనే తప్పు రాస్తారు! మేం చూస్తున్నామో, కునుకుతున్నామో తెలియాలిగా!"

హెడ్‌మిస్ట్రెస్ నమ్మలేదు. తనే బోర్డు మీద అయిదు లెక్కలు వేసి చెయ్యమంది. ముప్పై పలకల్లో ఇరవై ఎనిమిది సరిగ్గా వచ్చాయి. అవే లెక్కలు పక్క సెక్షనుకు పట్టుకెళ్ళింది. అక్కడి టీచరు బోర్డు మీద సున్నా కూడా గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. ముప్పై మందిలో సరిగ్గా చేసినవాళ్ళు మాత్రం పదకొండు మంది.

తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం మతాబులా వెలిగిపోతోంది.

"అత్తయ్యా! పదేళ్ళుగా ట్రైనింగులకు తిరుగుతున్నాను, ఇంత మంచి పద్ధతి ఒక్కళ్ళూ చెప్పలేదు. ఒకే వంటింట్లో తిరుగుతూ నాక్కూడా చెప్పలేదేం?"

"మరి లైబ్రరీ?"

"లైబ్రరీ లేదు, గిబ్రరీ లేదు. ఈ క్లాసు మీదే. శనివారం మీటింగులో టీచర్లందరికీ మీరే నేర్పాలి."

"నేనా!"

"మీరే. కాకపోతే పైవాళ్ళకు కాగితం చూపించాలి కదా. ఇదిగో, వచ్చే వారం ఏ రోజు ఏ లెక్కలో ఏ తప్పు చేస్తారో వరసగా రాసివ్వండి."

గళ్ళు గీసిన కాగితం బల్ల మీదికి వచ్చింది. అత్తగారు కలం తీశారు. సోమవారం గడి దగ్గర ఆగిపోయారు. కోడలు వాచీ చూసుకుంది.

"అంత ఆలోచనేమిటత్తయ్యా? మీకు అలవాటేగా!"

అత్తగారు కలానికి మూత పెట్టేశారు. పొడుగుజడ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించారు.

"ముందే తెలిస్తే ఎందుకు చేస్తానమ్మాయ్? అవి మూడూ నేను నిజంగా చేసిన తప్పులే."