కొనని ప్రాజెక్టు

“ఇది ఏ షాపులో కొన్నావమ్మా?”

వైవా కోసం బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నరసింగరావు, బల్ల మీదున్న ప్లాస్టిక్ డబ్బాను పెన్ను కొసతో పక్కకు నెట్టాడు. డబ్బా మీద చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతోంది.

“కొనలేదండి. నానే సేసేను,” అంది అరుణశ్రీ.

“నానే సేసేను!” ఆమె యాసను అలాగే దించి, పక్కనున్న గైడు లక్ష్మీనరసింహం వైపు చూసి నవ్వాడు. గైడూ నవ్వాడు. ఏడాది పొడుగునా ఆయన ఆ డబ్బా వైపు కన్నెత్తి చూసింది లేదు. ఎగ్జామినర్ గారి భోజనంలోకి రొయ్యల వేపుడు వస్తుందా రాదా అన్నదే పొద్దుట్నుంచీ ఆయన బెంగ.

అది రాష్ట్రం విడిపోయిన ఏడాది వేసవి. విజయనగరం శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీ. అరుణశ్రీ బ్యాచ్‌లో ఉండాల్సినవాళ్లు “ప్రాజెక్టులు రెడీగా అమ్ముతుంటే మనకెందుకే ఈ గోల!” అని ఎప్పుడో వేరే బ్యాచ్‌ల్లో చేరిపోయారు. ఆమె ఒక్కతే మిగిలింది.

ఆమెకు ముందు వెళ్లిన హరిచరణ్‌ను “టైమర్ అంటే ఏమిటి?” అని అడిగితే చేతి గడియారం చూపించాడు. నరసింగరావు “కంగారు పడుతున్నాడు పాపం” అని భుజం తట్టి, నూటికి తొంభై వేసి పంపించాడు.

ఆ దయ ఇప్పుడు ఆయన ముఖంలో ఎక్కడా లేదు.

“ఏమిటి దీని ఉపయోగం?”

“తెప్ప మీద కట్టుకునే దీపమండి. సీకట్లో మరబోట్లు తెప్పల్ని గుద్దేస్తన్నాయి. ఇది కనబడితే తప్పుకుంటారు. బ్యాటరీ ఎంతుందో ఈ స్క్రీన్ మీద సూపిస్తాది.”

“మీవాళ్లు చేపలు పడతారా?”

“మా నాన్న ఏటకెళ్తాడండి.”

“హాయిగా చేపలు పట్టుకోక, మీకెందుకమ్మా ఈ మైక్రోకంట్రోలర్లు?”

గైడు మళ్లీ నవ్వాడు. అరుణశ్రీ నవ్వలేదు. “సేపలు పట్టీవోళ్లు సచ్చిపోకండా ఉండాలి కదండి,” అంది.

నరసింగరావు ఆవలించాడు. “సరే. చిప్పు స్క్రీన్ మీద అంకెలు రాస్తోంది. ఆ పని సగంలో ఉండగా, దీపం సంగతి చూడమని టైమర్ ఇంటరప్ట్ వచ్చింది. అప్పుడేమవుతుంది? బట్టీ పట్టింది అప్పజెప్పు.”

“రాత ఎక్కడిదక్కడ ఆపేస్తాదండి. ముందు దీపం పని సూసుకుని, మళ్లీ ఆపిన కాడ్నుంచి రాస్తాది. దీపాన్ని నడిపే టైమర్‌కి హై ప్రయారిటీ ఇచ్చేను. బటన్‌కీ స్క్రీన్‌కీ లో ప్రయారిటీ.”

“అన్నిటికీ లో ప్రయారిటీయే ఇస్తే కొంప మునుగుతుందా?”

“మునుగుతాదండి. స్క్రీన్ రాత అయ్యీదాకా దీపం ఆగిపోతాది. ఎలాగంటే అలాగ వెలిగితే, ఒడ్డు మీద ఏదో లైటనుకుంటాడు మరబోటోడు. సూటిగా తెప్ప మీదకొచ్చేస్తాడు.”

“మాటలు చాలు. నా కళ్ల ముందు మార్చి చూపించు.”

అరుణశ్రీ అరువు తెచ్చుకున్న లాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాంలో ఒక్కచోట మార్చి చిప్పులోకి ఎక్కించింది. ఆపైన బటన్ నొక్కింది. స్క్రీన్ నిండా అంకెలు పరుగెత్తాయి. దీపం మాత్రం ఒకసారి ఆలస్యంగా, ఒకసారి తొందరగా, కుంటుతూ వెలిగింది.

మళ్లీ మునుపటిలా మార్చింది. ఈసారి బటన్‌ను వదలకుండా టకటకా నొక్కింది. అంకెలు అంకెల మీద పడుతున్నాయి. దీపం వాటిని లెక్కచేయనట్టు తన వరసలో తాను వెలుగుతూనే ఉంది.

లక్ష్మీనరసింహం కుర్చీలోంచి లేచి, మొదటిసారిగా డబ్బా మీదికి వంగి చూశాడు.

నరసింగరావు మొహం బిగుసుకుంది. “షాపువాడు తర్ఫీదు కూడా బాగానే ఇచ్చాడు.”

“షాపువోడెవడూ లేడండి!”

“గొంతు లేపకు. ఈ జిల్లాలో ఇలా ప్రోగ్రాం రాయగలిగినవాళ్లంతా నాకు తెలుసు. ఇది నీ మొహానికి అయ్యే పని కాదు. ఇలా చాటుమాటుగా అమ్మేవాళ్లను ఊరికే వదలకూడదు. వాడి పేరు చెప్పు, అడిగినన్ని మార్కులు వేస్తాను. చెప్పవా, ఫెయిలే.”

ఏదో ఒక పేరు చెబితే చాలు. టౌన్లో జెరాక్స్ షాపుల మీద వేలాడే ‘ప్రాజెక్టులు చేసి ఇస్తాం’ బోర్డుల్లోని పేరు ఏదైనా సరే. పేరు చెప్పేస్తే పాసై ఇంటికి పోవచ్చు. అరుణశ్రీ తన చేతుల వైపు చూసుకుంది. వైర్లు అతికేటప్పుడు కాలిన మచ్చలు వేళ్ల మీద ఇంకా మానలేదు.

“ఫెయిల్ సేసీండి సార్,” అంది. “నాను సేసిందాన్ని కొన్నానని మాత్రం సచ్చినా సెప్పను.”

లక్ష్మీనరసింహానికి ఎటు చూడాలో తోచలేదు. “భోజనం వచ్చినట్టుంది, చూసొస్తాను సార్,” అని బయటికి జారుకున్నాడు.

ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరికి పోయేదాకా నరసింగరావు ఆగాడు. తరవాత బల్ల మీదికి వంగాడు. వెటకారమంతా ఎటు పోయిందో, గొంతులో బతిమాలే ధోరణి వచ్చింది.

“కోప్పడకు తల్లీ. పొద్దుట్నుంచీ నేను చూసిన ప్రాజెక్టులన్నీ మా షాపులో అమ్మినవే. మాకు తెలియకుండా ఈ ఊళ్లో ఇంత బాగా చేసి అమ్ముతున్నవాడు ఎవడమ్మా?”